తెగని చేంతాడు

అనగనగా ఒక మెట్ట ఊరు. చెరువు లేదు, కాలువ లేదు. ఊరందరికీ కలిపి ఒకటే బావి. తొంగి చూస్తే కళ్లు తిరిగేంత లోతు. తెల్లారకముందే ఆడవాళ్లు కడవలు చంకనెత్తుకుని గట్టు దగ్గర చేరేవారు. అడ్డంగా వేసిన రాతి దూలానికి పాదాలు తన్నిపెట్టి, ఒంగి, చేంతాడు లాగేవారు. నిండు బొక్కెన పైకి రావాలంటే ఇద్దరు లాగాలి, ఇంకొకరు అందుకోవాలి. అరచేతులు కాయలు కాసేవి. జ్వరంలో ఉన్నా, నిండు నెలలతో ఉన్నా, ఇంట్లో నీళ్లు నిండుకుంటే గట్టెక్కక తప్పేది కాదు.

ఆ ఊళ్లో ఒక వడ్రంగి ఉండేవాడు. నాగళ్లు, బండి చక్రాలు చేసి బతికేవాడు. అందరూ ఆచారిగారనేవారు. నీళ్లు తోడీ తోడీ ఆయన భార్యకు భుజం పడిపోయింది. చేను పనుల్లేని ఒక వేసవిలో ఆయన తుమ్మ మొద్దు తీసుకుని, చక్రాలు చేసిన చేతులతోనే పెద్ద గిలక చెక్కాడు. కమ్మరి చేత ఇనుప ఇరుసు కొట్టించాడు. బావికి అటూ ఇటూ స్తంభాలు నాటించి గిలకను ఎక్కించాడు. మొదటి రోజే పన్నెండేళ్ల పిల్ల ఒక్కతే నిండు బొక్కెన లాగి గట్టున పెట్టింది. చూసిన ముసలమ్మలు గిలకకు పసుపూ కుంకుమా పెట్టారు.

కబురు జమీందారు దాకా పోయింది. మేళతాళాలతో ఆచారిగారిని ఊరేగించారు. శాలువా కప్పారు. చేతికి వెండి కంకణం తొడిగారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి మా బావికీ ఒకటి చెయ్యమని తాంబూలాలిచ్చి వెళ్లారు. రెండేళ్లు గడిచేసరికి ఆ తాలూకాలో ఆయన గిలక లేని ఊరు లేదు.

మూడో ఏడాది ఉగాదినాడు మళ్లీ సన్మానం. పందిట్లో ఎవరో ఆయన్ని పొగుడుతున్నారు. అంతలో బావి వైపు నుంచి కేకలు వినిపించాయి. చేంతాడు తెగింది, బొక్కెన అడుగుకు పోయింది. పాతాళగరిగె వేసి చూశారు, అందలేదు. బావి అడుగున ఒక పక్కకు గుహలా తొలుచుకుపోయి ఉంటుంది, కొక్కేనికి చిక్కదు. అందుకని ఒక కుర్రవాణ్ణి దించుతున్నారు. బావి గోడలో కాలు పెట్టుకోవడానికి తొలిచిన గుంటలు పట్టుకుని వాడు దిగాడు. చాలాసేపటికి బొక్కెనతో పైకొచ్చాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయి, పెదాలు నీలం తిరిగాయి.

ఆచారిగారు పందిట్లోంచి లేచి వచ్చాడు.

"ఎన్నిసార్లు దిగావురా ఇట్లా?"

"ఏటా రెండు మూడుసార్లు తాతా. నాకు ముందు మా అన్న దిగేవాడు. ఒకసారి పట్టు తప్పి పడ్డాడు, అప్పట్నుంచీ వాడికి కాలు రాదు."

"నాకెవరూ చెప్పలేదే!"

వాడి తల్లి కొంగుతో వాడి తల తుడుస్తూ అంది. "మీకెందుకు చెబుతాం ఆచారిగారూ? మీ గిలకకేం, బంగారంలా తిరుగుతోంది. తెగేది తాడు."

ఆయనకు కాస్త ఊరట కలిగింది. అదే మాట ఆయనా అన్నాడు. "అవునమ్మా, గిలక నాది. తాడు నాది కాదు."

కుర్రవాడు ఎదురు చెప్పాలని కాదు, ఉన్నమాటగానే అన్నాడు. "తాడు నీది కాదులే తాతా. తెగినప్పుడల్లా దిగేది మాత్రం నేను."

ఆ మాటతో ఆయన పందిట్లోకి తిరిగి వెళ్లలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాళ్లు పేనే అవ్వ గుడిసెకు వెళ్లాడు. తెగిన ముక్క ముందు పెట్టి, ఎక్కడుంది లోపమని అడిగాడు. అవ్వ దాన్ని విప్పి చూపించింది. "పైన చూడు నాయనా, కొత్తదాని మాదిరే ఉంది. లోపల చూడు, మగ్గిపోయింది. తడి లోపలికి పోతుంది, బయటికి రాదు. మా తాత పేనినట్టే పేనుతున్నా. ఇంకెట్లా పేనాలో నాకు తెలియదు." తర్వాత ఇంకొక మాట కూడా చెప్పింది. "నీ గిలక గాడి ఇరుకు. తడిసి ఉబ్బిన తాడు అందులో నలుగుతోంది. అది నువ్వు చూసుకోవాలి."

అంటే తాడు తెగడంలో గిలకకూ పాలుంది. ఏ సన్మానంలోనూ ఆయనకు తెలియని సంగతి ఆ గుడిసె ముందు తెలిసింది.

ఇక ఆచారిగారు కొత్త గిలకలు ఒప్పుకోవడం మానేశాడు. అవ్వ పక్కన కూర్చుని పేనడం నేర్చుకున్నాడు. జనపనార పేని చూశాడు, మగ్గింది. గోగునార పేనాడు, తెగింది. నారకు నూనె పట్టించాడు, చేతుల్లో జారింది. పైన మైనం పూశాడు. గిలక మీద నాలుగు రోజులు నడిచేసరికి మైనం పగిలి, దూరిన తడి లోపలే ఉండిపోయింది. నారకూ కూలికీ డబ్బులు చాలక కంకణం అమ్మేశాడు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. పేరొచ్చిన మనిషి తన పని తాను చూసుకోక, తాళ్ల వెంట పడి పాడైపోతున్నాడన్నారు. తాడు పేనినవాడికి జమీందారు శాలువా కప్పడం ఎక్కడైనా విన్నామా అన్నారు.

ఒకనాడు ఉప్పు అమ్ముకునే బండివాడు ఆ ఊళ్లో ఆగాడు. ఆయన అవస్థ చూసి, సముద్రం ఒడ్డున పడవల్ని కొబ్బరిపీచు మోకులతో కడతారనీ, ఏళ్ల తరబడి నీళ్లలో నానినా అవి మగ్గవనీ చెప్పాడు. ఆచారిగారు ఆ బండిలోనే ఎక్కి వెళ్లాడు. పల్లెకారుల దగ్గర ఉండి, పీచు నానబెట్టడం, దంచడం, పేట వేయడం చూసి వచ్చాడు. ఆ మోకును ఉన్నదున్నట్టు తెస్తే బావికి పనికిరాదు. మొరటుది, చేతులు కోస్తుంది. అవ్వా ఆయనా కలిసి సన్నగా, వదులు లేకుండా, చేతికి మెత్తగా ఉండేలా పేనారు. ఆయన గిలక గాడి వెడల్పు చేసి నున్నగా చిత్రిక పట్టాడు. ఒక అమావాస్య నాడు పాత తాడు విప్పి కొత్తది వేశారు.

ఆ రోజు మేళం లేదు. ఆ తర్వాతా లేదు. తాడు తెగితే ఊరంతా పోగవుతుంది గానీ, తెగకపోతే ఎవరొస్తారు? ఒక వానాకాలం గడిచింది. మరొకటి గడిచింది. ఏళ్లు గడిచాయి.

చాలాకాలానికి జమీందారు కొడుకు ఆ దారిన పోతూ, పేరు విన్న బావి చూద్దామని ఆగాడు. ఊరివాళ్లు గర్వంగా గిలకను చూపించారు. తాడు మాట ఎవరూ ఎత్తలేదు. జనంలోంచి ఒక చిన్న పిల్లవాడు బావిలోకి తొంగి చూసి, గోడలో ఆ గుంటలెందుకు తొలిచారని అడిగాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పావురాలు గూళ్లు పెట్టుకోవడానికేమోలే అన్నాడొకడు. ఒకప్పుడు అందులోకి దిగిన కుర్రవాడు, ఇప్పుడు పిల్లల తండ్రి, గట్టున ఉన్న ఆచారిగారి వైపు చూశాడు. ముసలాయన నవ్వాడు. ఆ ప్రశ్న పుట్టడం కన్నా పెద్ద కంకణం ఆయనకు అక్కర్లేకపోయింది.

నీతి: తప్పు నాది కాదని న్యాయంగానే చెప్పగలిగిన చోట కూడా, ఆ భారం నాదేనని ఎత్తుకున్నవాడే అసలైన పనివాడు. సన్మానం కనబడే పనికి జరుగుతుంది. ప్రాణం కనబడని పని మీద ఆధారపడి ఉంటుంది.

కథ కల్పితం. అందులోని వడ్రంగి స్వభావం మాత్రం కల్పితం కాదు. అలాంటి మనిషి ఒకాయన అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో 1919 సెప్టెంబరు 6న పుట్టారు. పేరు విల్సన్ గ్రేట్‌బ్యాచ్. శరీరంలో అమర్చే పేస్‌మేకర్‌ను పనికొచ్చే వస్తువుగా తీర్చిన ఇంజినీరు.

రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో రేడియో పని చేశారు. యుద్ధం ముగిశాక, తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన చదువు సాయంతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. అక్కడ ఉండగా పశువుల మీద పరిశోధన చేసే ఒక క్షేత్రంలో గొర్రెలకూ మేకలకూ రక్తపోటు, గుండె వేగం కొలిచే పరికరాలు చూసుకునేవారు. 1951లో అక్కడికి వచ్చిన ఇద్దరు సర్జన్లు మాటల్లో హార్ట్ బ్లాక్ గురించి చెప్పారు. గుండె పై గదుల్లో పుట్టే విద్యుత్ సంకేతం కింది గదులకు చేరకపోవడమే ఆ జబ్బు. కండరం బాగానే ఉంటుంది, కొట్టుకోమనే కబురే అందదు. మనిషి ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతాడు, ఒక్కోసారి మళ్లీ లేవడు. వైద్యులు దీన్ని రోగంగా చూశారు. విన్న ఇంజినీరుకు అది సంకేతం అందని తీగలా తోచింది.

ఆ రోజుల్లో మందు లేకపోలేదు. బోస్టన్‌లో పాల్ జోల్ అనే వైద్యుడు 1952లో ఛాతీ మీద నుంచి విద్యుత్తు పంపి గుండెను నడిపించారు. అయితే ఆ యంత్రం గోడకున్న ప్లగ్గుకు కట్టుబడి ఉండేది. ఒక్కో దెబ్బకూ రోగి నొప్పితో విలవిల్లాడేవాడు, చర్మం కాలేది.

1950ల రెండో సగంలో గ్రేట్‌బ్యాచ్ బఫలో విశ్వవిద్యాలయంలో గుండె చప్పుళ్లు నమోదు చేసే పరికరం ఒకటి కడుతున్నారు. 10 వేల ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాల్సిన చోట 10 లక్షల ఓమ్‌లది చేతికొచ్చింది. అది పెట్టగానే సర్క్యూట్ 1.8 మిల్లీసెకన్లు మోగి, ఒక సెకను ఆగి, మళ్లీ మోగింది. అది గుండె లయ. ఆయన గురించి ఎవరు రాసినా ఈ ఘట్టాన్నే చెబుతారు, పొరపాటు వరమైందని మురిసిపోతారు. నాకు ఆ వివరణ చాలదు. అదే రెసిస్టర్ మరొకరి చేతికొస్తే నాలుక కరుచుకుని తీసేసేవారు. ఆయన ఆగింది, అంతకు కొన్నేళ్ల ముందు విన్న ఆ జబ్బు మాటను మనసులోంచి దించనందుకు.

ఆ తర్వాతి కథ ఇంకా విలువైనది. బఫలోలోని మాజీ సైనికుల ఆసుపత్రి సర్జన్ విలియం చార్డాక్ ఆయన మాట విని నమ్మారు. 1958 మే 7న చార్డాక్, ఆండ్రూ గేజ్ అనే మరో సర్జన్‌తో కలిసి, గ్రేట్‌బ్యాచ్ చేసిన చిన్న పరికరం తీగల్ని ఒక కుక్క గుండెకు తాకించారు. గుండె పరికరం చెప్పినట్టు కొట్టుకుంది. ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. కొన్ని గంటల్లోనే శరీరంలోని ద్రవాలు లోపలికి చేరి సర్క్యూట్‌ను పాడుచేశాయి. అదే ఏడాది అక్టోబరులో స్వీడన్‌లో రూనే ఎల్మ్‌క్విస్ట్ చేసిన పేస్‌మేకర్‌ను సర్జన్ ఓకే సెన్నింగ్ తొలిసారి మనిషిలో అమర్చారు. అదీ గంటల్లోనే ఆగింది. ఆ రోగి ఆర్నే లార్సన్ ఆ తర్వాత 20కి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా బతికారు. ఒక్క మనిషికి అన్నిసార్లు శస్త్రచికిత్స! పేస్‌మేకర్ తొలినాళ్ల కష్టమంతా ఆ అంకెలోనే ఉంది.

గ్రేట్‌బ్యాచ్ ఉద్యోగాలు మానేశారు. చేతిలో ఉన్నవి 2,000 డాలర్లు, ఇల్లు గడవడానికి దాచిన ఇంకొంత సొమ్ము. క్లారెన్స్ అనే ఊళ్లో ఇంటి వెనకున్న కొట్టమే కార్ఖానా. తినడానికి చాలావరకు పెరట్లో పండించుకున్న కూరగాయలే. పడకగదిలో రెండు ఓవెన్లు పెట్టి ట్రాన్సిస్టర్లను పరీక్షించేవారు. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం చేసింది భార్య ఎలియనోర్. ట్రాన్సిస్టర్ మీద చెక్క పెన్సిల్‌తో కొడుతూ, కొలత చెదరకుండా నిలిచినదాన్నే ఏరేవారామె. బతుకు నిలిపే వస్తువుకు ఆ ఇంట్లో జరిగిన నాణ్యత పరీక్ష అది. రెండేళ్లలో 50 పేస్‌మేకర్లు తయారయ్యాయి. 40 జంతువులకు, 10 మనుషులకు అమర్చారు. 1960లో తొలిగా అందుకున్న 77 ఏళ్ల పెద్దాయన ఏడాదిన్నర బతికారు. 1961లో మిన్నియాపొలిస్‌లోని మెడ్‌ట్రానిక్ సంస్థ తయారీ హక్కులు తీసుకుంది. 1962లో పేటెంటు వచ్చింది.

గిలక పని అయిపోయింది. ఇక్కడితో ఆగినా ఆయన పేరు పుస్తకాల్లో ఉండేది.

తాడు మాత్రం తెగుతూనే ఉంది. అప్పటి పేస్‌మేకర్లు చాలావరకు పాదరసం-జింకు బ్యాటరీలతో నడిచేవి. వాటి బతుకు సుమారు రెండేళ్లు. ఆ తర్వాత రోగిని మళ్లీ బల్ల మీద పడుకోబెట్టి, చర్మం కోసి, పెట్టె మార్చాలి. రోగుల్లో ఎక్కువమంది ముసలివాళ్లు. ప్రతి కోతకూ చీము పట్టే భయం ఉండేది. పైగా ఆ బ్యాటరీ పనిచేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. అందుకని గాలి చొరకుండా లోహపు పెట్టెలో మూసి అతుకు వేయడానికి వీల్లేదు. ఎపాక్సీ బంకతో పోత పోసేవారు. వాయువు బయటికి పోయే దారిలోనే శరీరపు వెచ్చటి ఉప్పు తేమ లోపలికి వచ్చేది.

ఆ బ్యాటరీ ఆయన చేసింది కాదు. సర్క్యూట్ మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. బ్యాటరీ కంపెనీలు చూసుకుంటాయని ఆయన అని ఉంటే తప్పుపట్టేవారే లేరు. ఆయన మాత్రం 1970లో, యాభై ఏళ్లు దాటిన వయసులో, బ్యాటరీ కోసమే సొంత సంస్థ పెట్టారు. అప్పటికి కొందరు ప్లుటోనియంతో నడిచే పేస్‌మేకర్ల దాకా వెళ్లారు. ఆయన చూపు లిథియం-అయోడిన్ బ్యాటరీ మీద నిలిచింది. దాని మూల ఆలోచన ఆయనది కాదు, బాల్టిమోర్‌లోని కేటలిస్ట్ రీసెర్చ్ అనే సంస్థ పరిశోధకులది. దాన్ని తెచ్చుకుని, లోపాలు సరిచేసి, మనిషి గుండెకు నమ్మి అప్పగించదగ్గ వస్తువుగా మలిచిన శ్రమ ఆయనది.

ఆ బ్యాటరీ పనితీరు అందమైనది. లిథియం, అయోడిన్ తాకిన చోట లిథియం అయొడైడ్ అనే గట్టి పొర దానంతటదే ఏర్పడుతుంది. రెంటి మధ్యా కావలసిన పొర అదే. ద్రవం లేదు కాబట్టి కారేది లేదు. వాయువు పుట్టదు కాబట్టి లోహపు పెట్టెలో పెట్టి పూర్తిగా అతుకు వేయవచ్చు. పొర మందమయ్యే కొద్దీ శక్తి మెల్లగా తగ్గుతుంది. ఒక్కసారిగా ఆగిపోదు. మార్చాల్సిన రోజు రాబోతోందని వైద్యుడు ముందే పసిగట్టవచ్చు. ఇలాంటి బ్యాటరీ ఉన్న పేస్‌మేకర్‌ను 1972లో ఇటలీలో తొలిసారి మనిషికి అమర్చారు. ఆయుష్షు రెండేళ్ల నుంచి పదేళ్ల దాకా పెరిగింది. గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అంటే పదేళ్లలో 36 కోట్ల పైచిలుకు దెబ్బలు, మధ్యలో ఒక్క కోత లేకుండా. నా లెక్కలో ఆయన జీవితంలో అతి గొప్ప పని ఇదే. ఆయన పేరు చెప్పగానే రెసిస్టర్ కథే గుర్తొచ్చేవాళ్లకు ఈ మాట వింతగా ఉండవచ్చు. రెండేళ్లకోసారి కత్తి కింద పడుకున్న ముసలివాళ్లను అడిగి ఉంటే నాతో ఏకీభవించేవారు.

సన్మానాలు ఆయనకు తక్కువేం కాలేదు. 1980లలో అమెరికా వృత్తి ఇంజినీర్ల సంఘం, గడచిన యాభై ఏళ్లలో సమాజానికి ఇంజినీరింగ్ చేసిన పది గొప్ప మేళ్లలో పేస్‌మేకర్‌ను ఒకటిగా ఎంచింది. 1986లో జాతీయ ఆవిష్కర్తల గౌరవ సభలో ఆయన పేరు చేరింది. 1990లో అధ్యక్షుడు జార్జ్ బుష్ చేతుల మీదుగా జాతీయ టెక్నాలజీ పతకం, 1996లో లెమెల్సన్-ఎంఐటీ వారి జీవిత సాఫల్య పురస్కారం. 2001లో అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీ రస్ బహుమతిని మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు, దాన్ని ఆయనా, మెడ్‌ట్రానిక్ స్థాపకుల్లో ఒకరైన ఎర్ల్ బాకెన్ పంచుకున్నారు. ఆ పంపకం నాకు ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. గుండెకు పెట్టెలో లయ కుదిర్చిన ఘనత ఏ ఒక్కరిదీ కాదు.

ఆయన చేసినవన్నీ ఫలించలేదు. పదింటిలో తొమ్మిది పోతాయని ఆయనే చెప్పేవారు. ఫలితం కోసమో, డబ్బు కోసమో, తోటివారి మెప్పు కోసమో పనిచేయడమంటే, ప్రేమతో చేయాల్సిన పనికి కూలి అడగడమేనని కుర్రవాళ్లకు చెబుతుండేవారు. పందిట్లో కూర్చుని చెప్పిన మాట కాదది. పడకగదిలో ఓవెన్లు పెట్టుకున్న మనిషి చెప్పిన మాట. 72వ పుట్టినరోజుకు సౌరశక్తితో నడిచే పడవ కట్టుకుని న్యూయార్క్ రాష్ట్రపు సరస్సుల్లో 160 మైళ్లు తిరిగారు. 2011 సెప్టెంబరు 27న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బయోమెడికల్ ఇంజినీరింగ్ చదువుతున్న మన పిల్లలకు ఒక మనవి. చివరి ఏడాది ప్రాజెక్టు ఏది చేయాలో తేల్చుకునే ముందు, అనుమతి తీసుకుని ఒక రోజు ఏదైనా ప్రభుత్వాసుపత్రి డయాలసిస్ గదిలోనో, పసిపిల్లల వార్డులోనో కూర్చోండి. ప్రొఫెసర్‌ను కాదు, రాత్రి డ్యూటీ చేసి దిగుతున్న నర్సును అడగండి, ఏ యంత్రంలో ఏ ముక్క తరచూ పాడవుతోందని. గొట్టం చివర బిగించే బిరడా కావచ్చు, వదులైపోయే తీగ కావచ్చు, చెమటకు ఊడిపోయే పట్టీ కావచ్చు. ఆమె చెప్పిన ఆ ముక్క పేరు రాసుకొచ్చి, మీ ప్రాజెక్టుగా దాన్నే ఎత్తుకోండి.